"పంచదార మానేశాను కదా" అంటున్న నాన్నకు అన్నం లెక్క ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. పుట్టుకతోనే వినిపించదు, అమ్మకూ అంతే. నాకు వినిపిస్తుంది. ఇంట్లో మా మాటలన్నీ సైన్‌లోనే, అంటే చేతి సంజ్ఞల భాషలోనే. నాన్న తెనాలిలో బట్టలు కుడతారు, అయిదో తరగతి వరకు చదివారు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది, బీపీ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. బీపీకి టెల్మిసార్టన్. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్త పరీక్ష) 9.2 వచ్చింది. ఆస్పత్రిలో రెండు పేజీల డైట్ చార్ట్ ఇచ్చారు. డాక్టరు చెప్పింది నేనే వీడియో కాల్‌లో సైన్ చేసి చెప్పాను: తీపి వద్దు, అన్నం తగ్గించు అని. నాన్న పంచదార పూర్తిగా మానేశారు. టీలోకి బెల్లం, ఉదయం బెల్లం వేసిన రాగి జావ, రెండు పూటలా అన్నం ఎప్పటిలాగే. ఏమన్నా అంటే "పంచదార మానేశాను కదా, ఇంకేం కావాలి" అని విసుక్కుంటారు. పోయిన ఆదివారం బధిరుల సంఘం మీటింగ్‌లో భోజనాలు ఆలస్యమయ్యాయి. నాన్నకి చెమటలు పట్టి, చేతులు వణికి, సైన్ తడబడిందట. పక్కవాళ్లు తాగి వచ్చాడనుకున్నారు. నేను బెంగళూరులో ఉంటున్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సమాధానం:

ఆదివారం సంగతి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. చెమట, వణుకు, తడబాటు, ఆలస్యమైన భోజనం: ఈ నాలుగూ కలిస్తే రక్తంలో షుగర్ పడిపోయిందనే ముందు అనుకోవాలి. నాన్నగారి బిళ్లలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్‌ని ప్రమాదం దాకా దించడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. మనిషి తిన్నాడా లేదా అన్నది దానికి పట్టదు, క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. ఉదయం తాగిన పలచటి జావ పదకొండు గంటలకల్లా అయిపోయింది, మందు మాత్రం పనిచేస్తూనే ఉంది.

డెఫ్ వాళ్ల పంక్తిలో ఇంకో తిరకాసు ఉంది, డాక్టర్లకు ఇది తట్టదు. మనం ముద్ద నములుతూనే కబుర్లు చెప్పుకుంటాం. సైన్‌లో మాట్లాడాలంటే చెయ్యి పళ్లెంలోంచి తీయాలి, కళ్లు ఎదుటి మనిషి మీద పెట్టాలి. వారానికోసారి కలిసే స్నేహితుల మధ్య ఇరవై నిమిషాల భోజనం గంట దాటుతుంది, సగం అన్నం పళ్లెంలోనే ఆరిపోతుంది. అందుకని ఆదివారాలకు రెండు కట్టుబాట్లు పెట్టండి. ఉదయం జావ కాకుండా పెసరట్టు లాంటి నిలిచే టిఫిన్ తిని వెళ్లాలి. సంఘంలో వంట అయినా కాకపోయినా ఒంటిగంటకల్లా ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పాలి. రాత్రి బిళ్లకి కూడా ఒకటే క్రమం: పళ్లెం ముందుకొచ్చాకే బిళ్ల, బిళ్ల వేసుకున్న వెంటనే ముద్ద.

చొక్కా జేబులో మూడు చిన్న పొట్లాలు ఉండాలి. మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడి ఒక్కో పొట్లంలో 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీ చెంచాలు, కట్టి పెట్టండి. వణుకు మొదలైతే ఒక పొట్లం నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మీటర్‌తో చూసుకోవాలి. 70 దాటకపోతే రెండోది తాగాలి. దాటాక కూడా ఊరుకోకూడదు, భోజనం చేయాలి. గ్లిమిపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోవచ్చు. చాక్లెట్, బిస్కెట్ ఈ పనికి రావు. వాటిలోని నూనె, వెన్న వల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ అమ్మగారు చేయలేరు కాబట్టి పక్కింటి మనిషిని ఎవరినైనా ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఏ ఫొటో వాట్సాప్‌లో వస్తే పరుగెత్తుకు రావాలో ముందే అనుకోండి.

పొట్లాలతో పాటు అరచేయంత ఒక కార్డు. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా రాయించండి: "నాకు వినిపించదు. నాకు షుగర్ జబ్బు ఉంది. నేను తాగలేదు. చేతులు వణుకుతుంటే ఈ పొట్లం నీళ్లలో కలిపి తాగించండి. పడిపోతే 108కి ఫోన్ చేయండి." కింద మీ నంబరు. సంఘంలోని స్నేహితులకి వేరేగా చెప్పాలి. సైన్ ముద్దముద్దగా వస్తోందంటే, ముఖంలో కవళికలు మాటకు అతకడం లేదంటే, ఊరికే కోపం వస్తోందంటే వేలు పొడిచి చూడాల్సిన సమయం అది. మాట్లాడేవాళ్లలో నాలుక తడబడడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

జరిగింది డాక్టరుకి ఈ వారమే చెప్పండి. బిళ్ల మోతాదు మీరు తగ్గించకండి, నాన్నగారినీ తగ్గించనివ్వకండి. ఈ కింద చెప్పే తిండి మార్పులు మొదలుపెడుతున్నామని కూడా డాక్టరుకి తెలియాలి. బిళ్ల అలాగే ఉండగా అన్నం ఒక్కసారిగా సగానికి కోస్తే ఆదివారం జరిగిందే మళ్లీ జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నాన్నగారు మాట వినలేదని మీరనుకుంటున్నారు. ఆయన విన్నారు. "తీపి వద్దు" అన్నారు, మానేశారు. అది కొలవక్కర్లేని మాట. "అన్నం తగ్గించు" అన్నారు. ఎంత నుంచి ఎంతకి? సైన్‌లో గిన్నె ఎంతుందో, అందులో అన్నం ఎక్కడిదాకా ఉందో చేతులతో గీసి చూపించగలిగిన మీరు ఆ ఒక్క చోట కొలత వదిలేశారు. డాక్టరు పది నిమిషాలు మాట్లాడితే నాన్నగారికి చేరింది రెండు ముక్కలు. ఇంట్లోవాళ్లు ఇంటర్‌ప్రిటర్ పని చేసినప్పుడు తరచూ జరిగేది ఇదే. సారం చెప్తున్నామనుకుంటూ కారణం కత్తిరించేస్తాం. కారణం తెలియని మనిషికి పంచదార బదులు బెల్లం వేసుకోవడం తెలివైన పనిగానే కనిపిస్తుంది.

దానికి తోడు పేరు చేసే మోసం ఒకటి. జబ్బునీ షుగర్ అంటాం, డబ్బాలోదీ షుగరే. మీ ఇంట్లో ఈ జబ్బుకి పంచదారకి చేసే సైనే చేస్తుంటే, అన్నానికి దీనికి సంబంధం ఉందని ఆ సైన్ ఎప్పటికీ చెప్పదు. జబ్బుకి "రక్తం" సైన్ ముందు పెట్టి వేరే సైన్ ఒకటి ఇంట్లో ఖాయం చేసుకోండి. ఢిల్లీలోని ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ తయారుచేసిన డిక్షనరీలో 2021 నాటికి 10,000 పదాలున్నాయి, వైద్యం మాటలూ ఉన్నాయి. సైన్ లెర్న్ అనే యాప్‌లో చూడొచ్చు. అయితే అందులోని సైన్ నాన్నగారికి కొత్త అయితే దాన్ని బలవంతంగా రుద్దకండి. తెనాలిలో ఆయన స్నేహితులు ఏది చేస్తారో అదే సరైంది.

తర్వాత ఒక ప్రదర్శన చేయాలి. దీన్ని వీలైతే మీరు ఊరెళ్లినప్పుడు చేయండి. వీడియో కాల్‌లో అయితే ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టించండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కిటికీ వాళ్ల వెనక ఉండకూడదు, ఉంటే చేతులు నీడల్లా కనిపిస్తాయి. వంటింట్లో రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు ఉంటుంది కదా, 180 మి.లీ. దాని నిండా బియ్యం అంటే సుమారు 150 గ్రాములు. వండితే 400 గ్రాముల పైచిలుకు అన్నం. కుట్టుమిషన్ దగ్గర రోజంతా కూర్చునే మనిషి కూడా ఒక పూటకి ఇంత అన్నం అవలీలగా తింటాడు. అందులో పిండిపదార్థం 115 గ్రాములకు పైనే. టీ చెంచాకి 5 గ్రాముల లెక్కన 23 చెంచాల పంచదార. పళ్లెంలో ఆ అన్నం పెట్టండి. పక్కన గాజు గ్లాసులో నాన్నగారి చేతే 23 చెంచాలు లెక్కపెట్టి పోయించండి. అప్పుడు సైన్: ఇది, పొట్టలోకి, మారుతుంది, ఇది, రక్తంలోకి. ఇడ్లీకి, జావకి, రొట్టెకి కూడా అదే వరస.

ఇక్కడితో ఆపితే ముప్పు. ఆ గ్లాసు చూసి బెదిరిపోయి ఆ రాత్రే అన్నం మానేసి బిళ్ల వేసుకునేవాళ్లుంటారు. కాబట్టి వెంటనే రెండో పళ్లెం పెట్టండి: 150 గ్రాముల అన్నం, పక్కన 8 చెంచాల పంచదార. "ఇంత తినొచ్చు. రోజూ తినొచ్చు." కూరలో పీచు, పప్పు, పెరుగు తోడైతే ఆ ఎనిమిది చెంచాలు కూడా రక్తంలోకి ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా వెళ్తాయి.

ఆ 150 గ్రాములు ఒక్కసారి కాటా మీద తూచండి చాలు. దాన్ని ఇంట్లో ఉన్న ఏ స్టీలు గిన్నె సరిగ్గా పడుతుందో చూసి, ఆ గిన్నెకి అంచు మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి. అది నాన్నగారి అన్నం గిన్నె. గరిటెతో అదిమి నింపకూడదు, పైన గుట్ట కట్టకూడదు. అదిమితే అదే గిన్నెలో చాలా ఎక్కువ అన్నం పడుతుంది. మొదటి రోజు నుంచే ఆ కొలతకి రావొద్దు. ఇప్పుడు 400 గ్రాములు తింటుంటే మొదటి వారం 300, రెండో వారం 225, మూడో వారం నుంచి 150. తగ్గిన చోటు ఖాళీగా ఉండకూడదు, అక్కడికి కూర రావాలి. బీర, సొర, దొండ, వంకాయ, బెండ, చిక్కుడు, తోటకూర, గోంగూర, ఏదైనా ఒక పూటకి నిండా ఒకటిన్నర గిన్నె. బంగాళాదుంప, చేమదుంప, కంద, అరటికాయ వండిన రోజు అవి కూర లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకి వస్తాయి. పప్పు గట్టిగా ఒక గిన్నె, లేదా రెండు గుడ్లు, లేదా చేప ముక్కలు రెండు. పప్పుచారు పప్పు కాదు, అందులో పప్పు నీళ్లే ఎక్కువ.

తినే వరస కూడా మార్చి చూడండి. ముందు సగం కూర, పప్పు వట్టిగా తిని, తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత షుగర్ పెరగడం తగ్గుతుంది. తెలుగువాడికి వట్టి కూర తినమనడం కొంచెం కష్టమైన కోరికే. వేపుడులో ఉప్పు, కారం తగ్గిస్తే తప్ప అది సాగదు.

ఉదయం జావ గురించి. రాగి మంచిదే. రాగిలో కాల్షియం ఉంది, పీచు ఉంది. కానీ పిండిని నీళ్లలో పలచగా ఉడికించి తాగితే నమిలే పని ఉండదు, కడుపులో నిలవదు, షుగర్ గబుక్కున ఎక్కుతుంది. 40 గ్రాముల పిండి జావలో పిండిపదార్థమే 27 గ్రాముల దాకా ఉంటుంది, రెండు చెంచాల బెల్లం వేస్తే ఇంకో 8, 9. బెల్లంలో ఉండేది కూడా చాలా వరకు పంచదారే, రంగు మాత్రమే వేరు. కొర్రలు, సామల ప్రచారం కూడా ఇలాంటిదే. అవి తెల్ల బియ్యం కన్నా కొంత మెరుగు, కానీ కొలత లేకుండా తింటే వాటి పిండీ పిండే. ఉదయానికి రెండు పెసరట్లు, 70 గ్రాముల పెసలతో పోసినవి, అల్లం పచ్చడి కొద్దిగా: అందులో 16 గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. తెనాలి, గుంటూరు అలవాటు ప్రకారం లోపల ఉప్మా పెట్టకూడదంతే.

ఇదంతా మీరు చెప్తే కూతురి సాధింపు. మీటర్ చెప్తే అది ఆయన ఒంటి మాట. షుగర్ మీటర్ మీద కనిపించే అంకెకి ఇంటర్‌ప్రిటర్ అక్కర్లేదు, వినిపించాల్సిన పనీ లేదు. అందుకే రెండు వారాలు ఈ పరీక్ష పెట్టండి. ఒక రోజు అలవాటైన రాగి జావ, ఒక రోజు నాలుగు ఇడ్లీలు, ఒక రోజు రెండు పెసరట్లు, ఒక రోజు ఉప్మా. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న టైము నుంచి సరిగ్గా రెండు గంటలకి ఒకసారి వేలు పొడవాలి. తిన్న తర్వాత నుంచి లెక్కపెట్టడం అందరూ చేసే పొరపాటు. రోజుకి రెండు స్ట్రిప్పులు, నాలుగు టిఫిన్లకి ఎనిమిది. వచ్చే వారం అదే వరసలో మళ్లీ ఎనిమిది, ఎందుకంటే ఒక్క రోజు అంకెని నమ్మలేం. మంచి మీటర్‌కి కూడా అటూ ఇటూ 15 శాతం తేడా రావచ్చు. 180కి 190కి మధ్య తేడా తేడానే కాదు. జావ తాగిన రోజు 110 పెరిగి, పెసరట్టు రోజు 45 పెరిగితే మాత్రం వాదన అక్కర్లేదు.

అంకె తప్పు రావడానికి కారణాలు కొన్నే. మామిడిపండు తిన్న చేతులతో పొడిస్తే వేలి మీది రసాన్నే మీటర్ కొలుస్తుంది, 300 చూపించినా చూపిస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని పొడవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే గాలిలో తేమకి పాడవుతాయి. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన పొడవాలి. బొటనవేలు, చూపుడువేలు వదిలేయండి: నాన్నగారు సూదిలో దారం ఎక్కించేదీ వాటితోనే, సైన్‌లో ఎక్కువగా పనిచేసేవీ అవే. ఉంగరపు వేలు, చిటికెన వేలు చాలు. రెండు గంటల అలారం మోత ఆయనకి పనికిరాదు కాబట్టి చేతికి కట్టుకునే, వణికే బ్యాండ్ ఒకటి కొనండి. ఫోన్‌లో అలారంకి ఫ్లాష్ లైటు వెలిగే ఏర్పాటు కూడా ఉంటుంది, కానీ ఫోన్ బోర్లా పెట్టారో, పక్క గదిలో ఉందో అంతే సంగతులు.

ప్రతి అంకె పక్కన ఆ పళ్లెం ఫొటో ఉండాలి. మీకు వాట్సాప్‌లో పంపిస్తే మీరు ఒక కాగితం మీద అతికించి ప్రింట్ తీసి పంపండి. ఇదే ఆయన డైట్ చార్ట్. ఆస్పత్రి ఇచ్చిన రెండు పేజీలు పక్కన పెట్టేయండి. ఆయన చదివినా అవి చేరవు. పుట్టుకతో వినిపించని మనిషికి తెలుగు చెవితో వచ్చిన భాష కాదు, బడిలో అక్షరం అక్షరంగా నేర్చుకున్న రెండో భాష. "మితంగా", "పరగడుపున", "వీలైనంత వరకు" అన్న మాటలు ఎప్పుడూ చెవిన పడలేదు. "భోజనం చేయకుండా మాత్ర వేసుకోకూడదు" అని రాసి ఉంటే అందులో రెండు కాదనడాలు ఉన్నాయి. తెలిసిన మాటలు ఏరుకుని చదివితే "భోజనం, మాత్ర, కూడదు" అని అర్థమవుతుంది. దాన్ని మూడు బొమ్మలు చేయండి: పళ్లెం, బిళ్ల, తింటున్న చెయ్యి. మందుల చీటీలో "1-0-1" అని ఉన్న చోట పొద్దు, మిట్టమధ్యాహ్నపు సూర్యుడు, చంద్రుడు గీయండి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల చార్ట్‌లు వద్దు, వాటిలో బ్రెడ్డు ముక్కలు, బ్రాకలీ తప్ప గోంగూర ఉండదు.

రంగులు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. తినే ముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు: ఈ రెంటికీ ఆకుపచ్చ. (నాన్నగారి వయసుకి, గుండె, కిడ్నీల స్థితికి డాక్టరు వేరే హద్దులు చెప్తే అవే వేయండి.) 180 దాటితే ఎరుపు. 70 లోపు దానికి కూడా ఎరుపే వేస్తారు చాలామంది. అక్కడే కొంప మునుగుతుంది. ఎరుపంటే "ఎక్కువైంది, తినకు" అని నేర్చుకున్న మనిషి 62 చూసి భోజనం మానేస్తాడు. తక్కువకి నీలం వేసి, పక్కన గ్లూకోజ్ పొట్లం ఫొటో అతికించండి.

అన్నం తగ్గిస్తున్న మూడు వారాల్లో రాత్రి భోజనానికి ముందు కూడా చూడండి. ఆ అంకె 100 లోపుకి రావడం మొదలైతే డాక్టరుకి ఫోన్ చేయండి, గ్లిమిపిరైడ్ తగ్గించే సమయం వచ్చి ఉండవచ్చు. రాత్రిళ్లు చెమటతో దుప్పటి తడవడం, పీడకలలు, ఉదయం తలనొప్పి ఉన్నాయేమో అడగండి. నిద్రలో షుగర్ పడిపోయి నాన్నగారు మూలిగినా అమ్మగారికి వినిపించదు. ఈ మూడు వారాలు మంచం పక్క చిన్న లైటు వేసే ఉంచాలి, గ్లూకోజ్ చేతికందాలి, రెండు మూడు రాత్రులు మూడు గంటలకి బ్యాండ్ వణికించి లేచి చూసుకోవాలి.

టీ సంగతి తేలికే. కప్పుకి రెండు చెంచాల బెల్లం, రోజుకి మూడు కప్పులంటే ఆరు చెంచాలు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక సర్దుకుంటుంది. "షుగర్ ఫ్రీ" అని రాసిన బిస్కెట్లలో మైదా ఉంటుంది, అవి వద్దు. జామకాయ రోజుకొకటి తినొచ్చు. మామిడిపండు కాలంలో మానమంటే మానరు, కాబట్టి ఒక చెంప కోసి తిననివ్వండి, ఆ పూట అన్నం ముప్పావు గిన్నె మాత్రమే. పళ్ల రసాలు, చెరకు రసం వద్దు.

బీపీ ఉంది కాబట్టి ఉప్పు కూడా కొలవాలి. మనిషికి రోజుకి 5 గ్రాములు, ఒక టీ చెంచా. ఇద్దరికి నెలకి 300 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ మూడు నెలలకి పైగా రావాలి. ప్యాకెట్ విప్పిన రోజు తేదీ దాని మీదే రాయమనండి. అయిపోయిన రోజు అదే చెప్తుంది. నూనె కూడా అంతే, మనిషికి నెలకి అర లీటరు, ఇద్దరికీ ఒక లీటరు ప్యాకెట్. ఆవకాయ, అప్పడాల్లో ఉన్న ఉప్పు ఈ లెక్కలో లేదు. ఆవకాయ ముక్క వారానికి రెండు సార్లు చాలు. "బీపీ ఉప్పు" పేరుతో అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం డాక్టరుని అడగకుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్ వేసుకునేవాళ్లలో, కిడ్నీ కొంచెం దెబ్బతిన్నా, రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండెకి చేటు. కిడ్నీల స్థితి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఈ ఏడాది చేయించకపోయి ఉంటే చేయించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే పప్పు, గుడ్లు పెంచమని పైన చెప్పిందీ మారుతుంది.

అమ్మగారిని కాపలా పెట్టకండి. వండేది, వడ్డించేది ఆవిడ కాబట్టి గ్లాసు ప్రదర్శన దగ్గర ఆవిడ కూడా కూర్చోవాలి, అదే గిన్నె కొలత ఆవిడకీ తెలియాలి. "ఇంక పెట్టను" అని చెయ్యి అడ్డం పెట్టే పని మాత్రం ఆవిడకి అప్పగిస్తే రోజూ గొడవే. చుక్క పెట్టిన గిన్నె నాన్నగారే నింపుకోవాలి.

ఈసారి ఆస్పత్రికి మీరు లేకుండా ఇంటర్‌ప్రిటర్‌ని వీడియో కాల్‌లో పెట్టుకోగలిగితే మంచిది. కూతురి ముందు అడగలేని ప్రశ్నలు నాన్నగారికి ఉంటాయి. అలా కుదరకపోతే మీరే చేయండి, కానీ డాక్టరు ఒక వాక్యం చెప్పగానే ఆపించి, సైన్ చేసి, తర్వాతే ముందుకి వెళ్లండి. చివర్లో "అర్థమైందా" అని అడగొద్దు, ఎవరైనా తల ఊపేస్తారు. "రేపు ఉదయం ఏం తింటావు, బిళ్ల ఎప్పుడు, చూపించు" అనండి. మాస్కు తీసి ఎదురుగా కూర్చుని మాట్లాడమని డాక్టరుని అడగడానికి మొహమాటపడకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం చికిత్సలో ముందు వరస ఇవ్వాలి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకెళ్లండి. రద్దీ లేని టైము అడిగి పెట్టుకుంటే పది నిమిషాలు అరగంట అవుతుంది.

పరీక్షల ముందు రోజు చెప్పే మాట కూడా బొమ్మే కావాలి. "ఖాళీ కడుపు" అంటే నీళ్లు కూడా తాగకుండా వచ్చేవాళ్లున్నారు, టీ తాగి వచ్చేవాళ్లున్నారు. రాత్రి తొమ్మిదికి పళ్లెం, తర్వాత నీళ్ల గ్లాసుకి టిక్కు, టీ కప్పుకి కొట్టివేత, ఉదయం ఏడుకి సూది. హెచ్‌బీఏ1సీకి ఖాళీ కడుపు అక్కర్లేదు. అది రెండు మూడు నెలల సగటు, 9.2 అంటే రోజులో సగటున 217 దగ్గర తిరుగుతోందని. 7కి వస్తే 154. పరీక్షకి ముందు రెండు రోజులు పస్తుంటే అది మోసపోదు. మూడు నెలలకి ముందు మళ్లీ చేయించి లాభం లేదు.

చివరిగా, నిజానికి మొదట చేయాల్సిన పని: కంటి పరీక్ష. ఆరేళ్ల షుగర్, 9.2 ఉన్న మనిషికి రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష ఏడాదికోసారి తప్పనిసరి. నాన్నగారికి కళ్లే చెవులు కూడా. పైగా రెటీనాలో అప్పటికే దెబ్బ ఉంటే, ఎక్కువగా ఉన్న షుగర్ వేగంగా దిగినప్పుడు కొంతకాలం అది ముదరవచ్చు. అందుకే అన్నం తగ్గించడం మొదలుపెట్టే ముందే చూపించండి. అక్కడా ఒక ఏర్పాటు కావాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, పరీక్ష గదిలో దీపాలు ఆర్పేస్తారు, అప్పుడు ఎవరి సైనూ కనిపించదు. డాక్టరు చెప్పాల్సింది చుక్కలకి ముందే చెప్పించండి. గదిలోకి వెళ్లే ముందు భుజం మీద తట్టే గుర్తులు అనుకోండి: ఒక తట్టు పైకి చూడు, రెండు కిందికి, చెవి పక్కన తాకితే ఆ వైపుకి, అరచేత్తో నొక్కితే కదలకు. ఫలితం రాత పూర్వకంగా తీసుకుని, చుక్కల ప్రభావం దిగాక ఇంటి దగ్గర వెలుతురులో కూర్చుని చెప్పండి.